పెన్నుతో చుట్టిన సున్నా

మదనపల్లెలో పని నేర్చుకుని తొంభైల్లో మా పుంగనూరు క్లినిక్‌కు వచ్చిన నర్సు జీవరత్నమ్మ, పెన్సిలిన్ సూది ఎవరికీ నేరుగా వేసేది కాదు. ముందు ముంజేతికి చుక్క మందు ఎక్కించి, దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, అరగంట బెంచీమీద కూర్చోబెట్టేది. మందు పడనివాళ్లకు ఆ సున్నాలో దద్దురు లేస్తుంది.

మా ఆయన గోవిందస్వామి వాళ్లమ్మను తీసుకుపోయినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు. "సోమల బస్సు పోతాండాది. యాలమ్మా ఈ సున్నాలు? ఈడేమన్నా బడి పెట్టినావా?"

బెంచీమీదివాళ్లంతా నవ్వేవాళ్లు.

"ఇంకో బస్సు వస్తాదిలేప్పా, కూసో," అనేది ఆమె.

విసుగెత్తి జనం వేరే క్లినిక్‌కు పోసాగారు. డాక్టరు జీవరత్నమ్మను మానిపించి, చకచకా సూదులు వేసే పిల్లను పెట్టుకున్నాడు. "చెయ్యంటే ఇదీ," అని మెచ్చుకున్నది మా ఆయనే.

ఆ వానాకాలం కాలికి చీముపట్టి తనే వెళ్లాడు. సూది వేయించుకుని మెట్లు దిగకముందే ఊపిరాడక పడిపోయి ప్రాణం విడిచాడు. గుండెపోటన్నాడు డాక్టరు. సాయంత్రం మామూలుగా క్లినిక్ తెరిచాడు.

ఆయనకు స్నానం చేయించేటప్పుడు జీవరత్నమ్మ వచ్చింది. ఆయన రెండు చేతులూ తిప్పి చూసింది. నేనూ చూశాను. ఎక్కడా సున్నా లేదు.