ఒండ్రు మరకల పలకలు

మా ముత్తాత తండ్రి కంకిపాడు దగ్గర మా ఊరికి మునసబు. ఆయన తరవాత మా ముత్తాత. ఆయనకు ఫొటోలు తీసే సరదా. కలెక్టరు దొర మకాం వేసినా, జమీందారు పడవ ఆగినా మా సావిట్లోనే. వాళ్లను కెమెరా ముందు కదలకుండా కూర్చోబెట్టగలిగిందీ ముత్తాత ఒక్కరే.

అప్పట్లో ఫిల్ము లేదు. గాజు పలకకు మందు పూసి, తడి ఆరకముందే ఫొటో తీసి, వెంటనే కడగాలి. వరద రోజుల్లో కాలువ నీళ్లు ఎర్రగా వస్తాయి. బానలో ఇండుపగింజ అరగదీసి, మన్ను అడుక్కి దిగాకే ఆ నీళ్లు వాడేవారట. తొందరపడితే ముఖాల మీద ఒండ్రు మరకలు. మరక పడ్డ పలకను ఆయన ఎవరికీ చూపేవారు కాదు. గీకేసి మళ్లీ మందు పూసేవారు. అలా పక్కన పెట్టిన ఒక పెట్టెడు పలకలు గీకకముందే ఆయన పోయారు.

పంపకాల్లో మంచి పలకల పెట్టె నాకే కావాలని పట్టుబట్టాను. పాడైనవి మా తమ్ముడికి వెళ్లాయి.

ఈమధ్య విజయవాడ నుంచి ఒక ఫొటోగ్రాఫర్ వచ్చింది. ఆ పాత పద్ధతిలోనే గాజు మీద ఫొటోలు తీస్తుందట. నా పెట్టె తెరిచాను. మడత నలగని పంచెలు, రెప్ప కదలని ముఖాలు. నాలుగు చూసి పక్కన పెట్టింది. తమ్ముడి పెట్టె దగ్గర మాత్రం కూలబడిపోయింది. ఇలాంటి మరకల కోసం ఇప్పుడు తాము కావాలనే మందు ఒలకబోస్తున్నామని, ఈయన అప్పుడే ఆ పని చేశారని మెచ్చుకుంది. వాటిని ముత్తాత పేరుతో ప్రదర్శనలో పెడతానంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చేయలేదు, అవి చెడిపోయాయన్నాను. సిగ్గుపడి దాచినదాన్ని గోడకు తగిలించి ప్రతిభ అంటారా? పలకలు తమ్ముడివి, వాడిష్టం. ముత్తాత పేరు మాత్రం వేయడానికి వీల్లేదన్నాను.

“పేరు లేకపోతే ఉత్త గాజు ముక్కలే కదండీ,” అంది.

తమ్ముడు నవ్వాడు. “ముత్తాత నీ ఒక్కడికేనా అన్నయ్యా? మునసబుగిరీ ఎప్పుడో పోయింది, నువ్వే ఇంకా కుర్చీ దిగలేదు.”

ప్రదర్శనకు వెళ్లాను. దొర ముఖం సగం ఒండ్రు తినేసిన పలకను నిలువెత్తున పెంచి పెట్టారు. కింద మా ముత్తాత పేరు. దాని ముందు నిలబడ్డ పెద్దమనిషి, ఆ మరకే ఫొటోకు ప్రాణమని పక్కవాళ్లకు వివరిస్తున్నాడు. అది పారేయాల్సిన పలక అని చెప్పాను. ఎంతో గౌరవంగా విని, “చూశారా, ఆయనకే తెలియకుండా ఎంత గొప్ప పని చేశారో,” అన్నాడు.

ప్రదర్శన ముగిసేలోగా తమ్ముడి పెట్టెలోని పలకలన్నీ ముత్తాత పేరుతోనే అమ్ముడుపోయాయి.