బొటనవేలంత తక్కువ

గుంటూరులో ఏడో షోరూమ్ తెరిచిన రోజు ఉదయం, తాను చనిపోయినట్టు సుబ్బరావమ్మగారికి తెలిసింది.

లోపలికి రాగానే గోడ నిండా కంపెనీ చరిత్ర. వినుకొండలో మొగుడూ పెళ్లాం పెట్టిన చిన్న బట్టలకొట్టు, తర్వాత నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు వగైరా. చివర భర్త బుల్లయ్యగారి ఫొటో, దానికి గంధపు దండ. ఆయన పోయి చాలా ఏళ్లయింది కాబట్టి దండ న్యాయమే. పక్కనే ఆవిడ ఫొటో. దానికీ దండే. రెండూ ఒక్కలా ఉంటే బాగుంటుందని డెకరేషన్ వాళ్లు ముచ్చటపడ్డారు కాబోలు.

తన దండ వంక ఆవిడ రెండుసార్లు చూసుకున్నారు. అయితే ఫొటో కింద, కొట్టు సంచీల మీద వేయించే మాటే పెద్ద అక్షరాల్లో కనబడేసరికి కాస్త కుదుటపడ్డారు: 'కొలతంటే సుబ్బరావమ్మ.' షోరూములు కొడుకులవీ, మనవడివీ, బ్యాంకువీ. ఆవిడ తనదని చెప్పుకునేది ఆ పేరొక్కటే.

మనవణ్ణి పిలవబోతుండగా, ఫొటో ముందు నిలబడిన ఓ ముసలామె "అయ్యో" అంది. వీపు చూసే పోల్చుకున్నారు. కొండమ్మ. మిరపకోతలకు వెళ్లే మనిషి. ఏటా క్రిస్మస్ బట్టలు వినుకొండ కొట్లోనే కొనేది. పక్కన కూతురు మహిమ, గుంటూరులో టీచరు.

పోయాక జనం ఏమనుకుంటారో వినే యోగం అందరికీ పట్టదు. సుబ్బరావమ్మగారు పట్టుచీర కట్టిన బొమ్మ వెనక్కి జరిగి చెవి ఒగ్గారు.

"ఎప్పుడు పోయిందో షావుకారమ్మ. మనకి కబురన్నా లేదు" అంది కొండమ్మ.

"కొలతకి పెద్ద పేరంటగా?" అంది మహిమ.

"కొలతా? మీటరుకి బొటనవేలంత మింగేసేది. మీటరు బద్ద చివర వేలు పెట్టి, గుడ్డ వెనక్కి జరిపేది. నీ లంగాలన్నీ పొట్టిగా ఎందుకుండేవనుకున్నావ్?"

సుబ్బరావమ్మగారు బొమ్మ చెయ్యి పట్టుకున్నారు. ఆ వేలి సంగతి బుల్లయ్యగారికి కూడా తెలియదని ఇన్నాళ్లూ ఆవిడ నమ్మకం.

"తెలిసీ అక్కడే కొన్నావా?"

"నేనేంటే, మా పేటంతా ఎరుగుదుం. వేరే కొట్లలో మమ్మల్ని గడప బయట నిలబెట్టి గుడ్డ విసిరేవాళ్లు. ఈమె పరుపు మీద కూచోబెట్టి, మంచినీళ్లిచ్చి, అడిగిన ప్రతి చీరా విప్పేది. వేలంత పోతే పోయిందిలే అనుకునేవాళ్లం."

అంతలో మనవడు చైతన్యకృష్ణ పరుగెత్తుకొచ్చాడు. "నాయనమ్మా, బోణీ నువ్వే చెయ్యాలి" అంటూ గోడ వైపు చూసి, పాలిపోయి, ఎగిరి నాయనమ్మ ఫొటో దండ లాగేశాడు. కొండమ్మ వెనక్కి తిరిగి సుబ్బరావమ్మగారిని చూసింది. ఇద్దరిలో ఎవరు ఎక్కువ బిత్తరపోయారో చెప్పడం కష్టం.

"బతికే ఉన్నావా అమ్మా?"

"ఇందాకటిదాకా ఉన్నాను" అన్నారు సుబ్బరావమ్మగారు. "బోణీ నీదే. ఏం కావాలి?"

"జాకెట్టు ముక్క" అంది కొండమ్మ, నేల చూస్తూ.

వెండి పళ్లెంలో వినుకొండ కొట్టు నాటి ఇనప మీటరు బద్ద తెచ్చారు. సుబ్బరావమ్మగారు గుడ్డ అందుకున్నారు. బొటనవేలు తనంతట తానే వెళ్లి పాత చోట నిలబడింది. అది పరాయి వాళ్లదైనట్టు ఆవిడ దానివంక చూశారు. కొండమ్మా చూసింది.

ఆవిడ బద్ద దించేశారు.

"చైతన్యా, పరుపేదిరా?"

"ఇప్పుడెవరూ వెయ్యట్లేదు నాయనమ్మా."

సుబ్బరావమ్మగారు కొంగు దోపి, వచ్చేపోయేవాళ్ల దారికి అడ్డంగా పాలరాతి మీదే చతికిలబడ్డారు.

"కూచో కొండమ్మా. బద్ద నువ్వు పట్టు. గుడ్డ నేను పడతాను."

కొండమ్మ మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా కూచుంది.

"ముందు మంచినీళ్లిప్పించు" అంది.