సముద్రం ఒడ్డున రెండు దుకాణాలు

సైదమ్మా,

ముందే చెబుతున్నాను, నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతితో బడి మానేసిన దాన్ని, ఏ అక్షరానికి ఏ ఒత్తు పెట్టాలో ఇప్పటికీ అనుమానమే. దుకాణంలో కూర్చుని, అట్ట ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. మధ్యలో ఎవరో ఒకరు అగ్గిపెట్టెకో ఉప్పుకో వచ్చి లేపుతున్నారు, అందుకే వరసలు వంకరగా ఉన్నాయి. తప్పులుంటే సరిచేసుకుని చదువుకో.

ఆ విజయవాడ కంపెనీ వాళ్ళు మిర్యాలగూడలో మీ దుకాణం కూడా అడిగారని, బదులు చెప్పే ముందు మీ ఆయనా నువ్వూ మా చిన్నత్త వాళ్ళ ఊరికి వెళ్ళి చూసి రావాలనుకుంటున్నారని నీ ఉత్తరంలో రాశావు. మేము చూసి వచ్చి పది రోజులైంది. ఎక్కడ బస్సు ఎక్కాలో, ఏం చూడాలో అన్నీ రాస్తున్నాను, మీకు పనికొస్తుంది.

మాకు వచ్చిన మాట కూడా మీకు వచ్చినట్టే. సూర్యాపేటలో మా ఇంటి ముందు గది, పక్కన రెండు గదులు కలిపి తమ పెద్ద దుకాణానికి తీసుకుంటామన్నారు. నెలనెలా కిరాయి, మా ఆయనకు అందులోనే ఉద్యోగం. మేము మాత్రం ఇక కిరాణా నడపకూడదు. మొన్నటి సోమవారానికి బదులు చెప్పమన్నారు. మా ఆయనకు ఇష్టం లేదు, మామయ్య పెట్టిన దుకాణం అని పట్టుబట్టాడు. నాకేమో ఇచ్చేస్తే బాగుండునని ఉండేది. ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. తెల్లవారక ముందే పాల ప్యాకెట్టుకు తలుపు కొడతారు, మేము పడుకున్నాక బీడీల కట్టకు కొడతారు. ఈ మూడేళ్ళలో పగటిపూట నడుం వాల్చింది లేదు. పైగా నా సంగతి నీకు తెలుసు కదా, కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నోరు రాదు. ఎవరైనా బేరమాడితే బదులు చెప్పలేక అడిగిన ధరకే ఇచ్చేస్తాను, తర్వాత అత్తమ్మతో మాట పడతాను. కంపెనీ దుకాణంలో బేరమే ఉండదట.

చిన్నత్త అంటే మా అత్తమ్మ చెల్లెలు. ఆ అక్కాచెల్లెళ్ళది హాలియా వైపు. సాగర్ కాలువ పనులకు బందరు వైపు నుంచి వచ్చిన మనిషిని చేసుకుని, ఆయన వెంట సముద్రం ఒడ్డున ఉప్పులపాలెం వెళ్ళిపోయింది. ఆయన పోయాక కూడా అక్కడే చిన్న దుకాణం పెట్టుకుని ఉంది. ఆ ఊళ్ళో కంపెనీ వాళ్ళు రెండేళ్ళ కిందటే దిగారు. అది చూస్తే మా ఆయన మనసు మెత్తబడుతుందని నా ఆశ. అత్తమ్మను దుకాణంలో కూర్చోబెట్టి ఆదివారం పొద్దున బయల్దేరాం.

అయిదింటికి సూర్యాపేట బస్టాండులో విజయవాడ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఇద్దరికీ డెబ్బై రూపాయలైంది. ఆరున్నరకు కోదాడలో పావుగంట ఆపాడు. బస్టాండు బయట ఇడ్లీ బండి ఉంది, ప్లేటు నాలుగు రూపాయలు. అక్కడి నుంచే చూడొచ్చు, కంపెనీ వాళ్ళ కొత్త బోర్డు రోడ్డుకు అవతల మెరుస్తూ ఉంది. మా ఆయన ఇడ్లీలు పెట్టే ఆవిడను అడిగాడు.

"అక్కా, గా దుకాణం వచ్చినంక మీకు గిరాకీ ఎట్లున్నది?"

"మాకేముంది అన్నా, ఇడ్లీలు వాళ్ళు వెయ్యరుగా. మినప్పప్పు అక్కడే తెస్తున్నా, రాయి ఉండట్లేదు. పక్క కిరాణా ఆయనే అలిగాడు, నా దగ్గర టీ తాగటం కూడా మానేశాడు. ఆయన అలిగాడని రాళ్ళు తినలేనుగా."

నేను మనసులో సంతోషపడ్డాను.

విజయవాడ చేరేసరికి తొమ్మిదైంది. దిగిన చోటే బందరు బస్సు దొరకదు, వేరే వైపు నడవాలి, అడుగుతూ వెళ్ళండి. మేము మొదట దొరికిన బస్సే ఎక్కేశాం, పామర్రు దాకా నిలబడే వెళ్ళాం. ఒక బస్సు వదిలేసి రెండోది ఎక్కినా పోయేది లేదు. మనిషికి ఇరవై రూపాయలు. బందరులో దిగేసరికి నా కాళ్ళు నావి కానట్టున్నాయి. అక్కడి నుంచి ఆటోలో మనిషికి అయిదు రూపాయలు, ఎనిమిది మందిని ఎక్కిస్తాడు. "వచ్చేటప్పుడు తడిబట్టలతో ఎక్కితే రూపాయి ఎక్కువండి, మొన్న నా సీటుకి జలుబు చేసింది," అన్నాడు ఆటో అతను. అందరూ నవ్వారు. నాకు నవ్వే ఓపిక కూడా లేదు.

చిన్నత్తది ఇసుక మొదలయ్యే చోట తాటాకు పాక. కొబ్బరికాయలు, పసుపు కుంకుమ, కర్పూరం, సబ్బులు, బిస్కెట్లు, టీ. మమ్మల్ని చూసి చేతిలో గ్లాసు పక్కన పెట్టింది.

"ఏందిరా, మొఖాలు గిట్లయినయ్? బస్సు మీరెక్కిన్రా, మీ మీద బస్సెక్కిందా?" అంది. నా గడ్డం పట్టుకుని తల ఎత్తి, "బిడ్డా, నిద్ర సాలుతలేదా?" అంది. మా ఇంట్లో ఆ మాట నన్నెవరూ అడగలేదు.

టీ తాగుతున్న ఒకాయన, "ముప్పై ఏళ్ళ నుంచి మా నీళ్ళు తాగుతోంది, ఇంకా గీడ గాడ మానలేదండి మీ పిన్ని," అన్నాడు మా ఆయనతో.

"మీ నీళ్ళు ఉప్పగుంటయ్ గదా, నాలుకకు అంటలే," అంది చిన్నత్త.

ఆమె దుకాణం ఎలా నడుస్తుందో కాసేపట్లోనే అర్థమైంది. ఆదివారం సముద్రస్నానానికి జనం వస్తారు. మునిగి వచ్చాక ఒళ్ళంతా ఉప్పు, ఇసుక. చిన్నత్త పాక వెనక చాప అడ్డం కట్టి, అక్కడ మంచినీళ్ళ బిందెలు పెడుతుంది. ఒళ్ళు కడుక్కుని బట్టలు మార్చుకోవచ్చు. నీళ్ళకు ఏమీ తీసుకోదు. కడుక్కున్న వాళ్ళు సబ్బో కొబ్బరికాయో టీయో కొనకుండా వెళ్ళలేరు. కంపెనీ దుకాణం నాలుగు అడుగుల దూరంలోనే ఉంది, కానీ అక్కడ తడిబట్టలతో లోపలికి రానివ్వరు. వీళ్ళందరూ అందుకే ఇక్కడికి వస్తారు.

"సూసినవా?" అన్నాడు మా ఆయన నాతో, మెల్లగా. "గంత పెద్ద దుకాణం పక్కనే ఉన్నా చిన్నమ్మ పాక ఖాళీ లేదు. వాళ్ళను గెలిసింది." ఆయన ముఖం ఇంత వెలిగిపోవడం చాలా రోజుల తర్వాత చూశాను. నేను మాత్రం బిందెలు చూస్తున్నాను. చేతిపంపు రోడ్డు అవతల ఉంది. ఆ మధ్యాహ్నం నేను ఆమెతో పాటు ఆరు సార్లు వెళ్ళి వచ్చాను. ఇసుకలో బిందెతో నడిస్తే రెండడుగులు వేసి ఒకడుగు వెనక్కి పోయినట్టుంటుంది. ఆమె కుడి భుజం ఎడమ దానికంటే కిందికి వాలి ఉంది.

మూడింటికి జనం పలచబడ్డారు. మా ఆయన పాకలో ఉన్న బల్ల మీద పడుకుని నిద్రపోయాడు. నేను మోకాళ్ళ దాకా సముద్రంలోకి వెళ్ళి నిలబడ్డాను. సముద్రం చూడటం అదే మొదలు. తిరిగి రాగానే చిన్నత్త నా చేతిలో డబ్బులు పెట్టి, "కంపెనీ దుకాణంల సబ్బులు పట్కరా. నాలుగు జతలు. తలుపు కాడ కోటయ్య ఉంటడు, నేను పంపిన్నని జెప్పు," అంది. ఎందుకని అడగలేదు, వెళ్ళాను.

తలుపు దగ్గర నీలం చొక్కా వేసుకున్న మనిషి నన్ను ఆపాడు. "కుచ్చిళ్ళు పిండుకుని రామ్మా, గచ్చు తడిస్తే నన్ను తిడతారు," అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది, చిన్నత్త పంపిందని మాత్రం చెప్పి, పక్కకు జరిగి పిండుకున్నాను. అంతలో చేపల గంప పెట్టుకుని ఒక ముసలామె వచ్చింది. ఆమెనూ ఆపాడు.

"ఒరేయ్ కోటయ్యా, నీ పెళ్ళికి మూడు రోజులు వండి పెట్టాను. ఇవాళ నా కాళ్ళు తడి అంటావా?"

"నీళ్ళు కారుతున్నాయి పిన్నీ, లోపల మేనేజరున్నాడు. ఏం కావాలో చెప్పు, నేనే తెస్తా."

"నువ్వు తెచ్చేదానికి నీ పాత కొట్టే నయం గదరా. గడప మీద కూర్చుని కొనుక్కునేదాన్ని."

అతను లోపలికి వెళ్ళి ఆమెకు కావలసింది తెచ్చి ఇచ్చాడు. ఆ కంపెనీ దుకాణం ఉన్న చోటే ఇదివరకు అతని కిరాణా ఉండేదని అప్పుడు తెలిసింది. మాకు చెప్పినట్టే అతనికీ కిరాయి, ఉద్యోగం అన్నారట. ఉద్యోగం ఇదీ.

నేను లోపలికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది. చల్లగా ఉంది. ధర రాసి పెట్టి ఉంది. ఎవరి కోడలివి, ఏ ఊరు అని ఎవరూ అడగలేదు. రెండు సబ్బులు కొంటే మూడోది ఊరికే ఇస్తున్నారు, కానీ మనిషికి ఒక్కసారే. నేను నాలుగు జతలు తీసుకుంటే లెక్క కట్టే పిల్ల తలుపు వైపు చూసింది. కోటయ్య తల ఊపాడు. పన్నెండు సబ్బులు సంచిలో వేసి ఇచ్చింది.

బయటికి వస్తూ ఆగాను. పరాయి మగవాడిని నా అంతట నేను పలకరించడం అదే మొదటిసారి. సోమవారం మా ఆయన చెప్పబోయే మాట మీద మా ఇద్దరి బతుకూ ఉంది కదా, అందుకే నోరు వచ్చిందేమో.

"అన్నా, ఇంటికి ఎన్నింటికి పోతవు?"

"ఎనిమిదింటికి షట్టర్ దించేస్తారమ్మా. వారానికో రోజు సెలవు. అది మాత్రం బాగుంది, నా కొట్లో పండగ పూట కూడా సెలవెరగను."

"మరి ఏం బాగలేదు?"

అతను కాళ్ళ వైపు చూసుకున్నాడు. "కూర్చోకూడదు," అన్నాడు. "పొద్దున తొమ్మిది నుంచి ఎనిమిది దాకా. కుర్చీ వేసుకుంటే గిరాకీకి మర్యాదగా ఉండదట. రాత్రి మా ఆవిడ నూనె రాస్తుంది."

సబ్బులు తెచ్చి చిన్నత్తకు ఇస్తే, ఆమె మూడేసి చుట్టిన కంపెనీ కాగితం విప్పి తన చెక్క మీద వరసగా పేర్చింది. కంపెనీలో కొన్న ధరకే ఇక్కడ అమ్ముతుంది. ఊరికే వచ్చిన మూడో సబ్బే ఆమె లాభం. కొబ్బరికాయలు తప్ప ఆ పాకలో సామాను చాలావరకు అక్కడిదే. నేను చూస్తుంటే నవ్వింది.

"ఇంతే బిడ్డా. బందరు పోయి సామాను మోసుకొచ్చే శక్తి ఇగ లేదు. కోటయ్య జర సాయం చేస్తున్నడు, లేకుంటే ఎప్పుడో ఖతం." నిద్రపోతున్న మా ఆయన వైపు చూసింది. "వానికి జెప్పకు. చిన్నమ్మ గెలిసిందని మస్తు ఖుషీగున్నడు. ఉండనీ."

ఆ రాత్రి అక్కడే పడుకుని తెల్లవారి మొదటి ఆటోకు బయల్దేరాం. వచ్చేటప్పుడు కూర్చోవడానికి చోటు దొరికింది. విజయవాడ దాటాక మా ఆయన, "ఇయ్యాల వాళ్ళొస్తే ఇచ్చేది లేదని చెప్తా," అన్నాడు. అప్పుడు చిన్నత్త సంగతి చెప్పేస్తే ఆయన మనసు మారేది. నోటి దాకా వచ్చింది. కానీ ఆయన్ను తలుపు దగ్గర నీలం చొక్కాలో నిలబెట్టి చూసుకున్నాను, మింగేశాను.

"ఇయ్యకు," అన్నాను. "కానీ రాత్రి ఎనిమిదింటికి దుకాణం మూద్దాం. వారానికి ఒక దినం బంద్ పెడదాం."

ఆయన నా వైపు తిరిగాడు. "గిరాకీ పోతది గదనే."

"పోనీ. నేను పోయేటట్టున్న."

ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కోదాడ వచ్చింది, దిగి నాకు టీ తెచ్చిచ్చాడు. బస్సు కదిలాక అన్నాడు, "ఆదివారం వద్దు. మంగళవారం బంద్ పెడదాం."

ఆ సాయంత్రం కంపెనీ మనిషి వచ్చాడు. మేము వద్దంటే కోపం తెచ్చుకోలేదు. రోడ్డుకు అవతలి వరస ముందే మాట్లాడి పెట్టుకున్నారట. ఇప్పుడు అక్కడ గచ్చు వేస్తున్నారు. వచ్చే నెల తెరుస్తారు. మా దగ్గర సామాను కొనేవాళ్ళలో ఎందరు రోడ్డు దాటతారో తెలియదు. నేనే గిరాకీనైతే దాటేదాన్నేమో. ఏది మంచిదో చెప్పమని అడిగావు, నాకు తెలిస్తే కదా చెప్పడానికి. అక్కడ ఇద్దరినీ చూశాను, ఇద్దరూ అలసిపోయి ఉన్నారు. మొన్న రాత్రి ఎనిమిదిన్నరకు తలుపు కొట్టారు. మా ఆయన లేవబోయాడు. నేను లేవలేదు. కాసేపు నిలబడి, ఆయన కూడా మళ్ళీ కూర్చున్నాడు. తలుపు కొట్టిన వాళ్ళు వెళ్ళిపోయారు. అంత నిశ్శబ్దం మా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

మీరు వెళ్తే ఆదివారం మాత్రం వెళ్ళకండి, శనివారం వెళ్ళండి. ఆదివారం చిన్నత్తకు మాట్లాడే తీరిక ఉండదు, కోటయ్యకు అసలే ఉండదు.

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో పెట్టెయ్ సైదమ్మా, దాచుకోకు. కంపెనీ మనిషి మీ ఇంటికి వచ్చిపోతున్నాడు. అతని కంట పడితే కోటయ్య ఉద్యోగం, చిన్నత్త సబ్బులు రెండూ పోతాయి. మీ ఆయనకు కూడా చూపించకు. చూపిస్తే ఆ మాట ఏదో ఒక రోజు మా ఆయన చెవిన పడుతుంది. చిన్నమ్మ కంపెనీని గెలిచిందని ఆయన బజారంతా చెప్పుకుంటున్నాడు.