పద్నాలుగో ప్రశ్నకు నా కుర్చీ చెప్పిన జవాబు

ఆ రోజుల్లో నాకు ఇరవై ఏడేళ్ల మూడు నెలలు. మనిషి నోటి మాట కన్నా కాగితం మీది అంకె నిజమని గట్టిగా నమ్మే వయసు (ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు; ఇది రాయడానికి కూర్చునే ముందు కూడా పాత డైరీ తీసి వారాలు సరిచూసుకున్నాను). అత్తగారింట్లో వంకాయ కూర ఎలా ఉందని అడిగితే పదికి ఆరున్నర అని చెప్పాను. మా ఆవిడ మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అటువంటి నాకు విజయవాడ శివార్లలోని ఒక వైద్య కళాశాలలో గణాంకశాస్త్రం బోధించే ఉద్యోగం దొరికింది. ఆ శాస్త్రం మీద వైద్య విద్యార్థులకు ఎంత గౌరవమంటే, నా క్లాసులో కునికేవారికి వారవారీ సగటు కట్టి నేనే భద్రంగా రాసుకునేవాణ్ణి.

ఒక సోమవారం పది గంటల పది నిమిషాలకు మా ప్రొఫెసర్ గారు పిలిచారు. "ఏమయ్యా, స్వలింగ సంపర్కులంటే మన పిల్లలకి ఎంత చులకనో, ఎంత ఏవగింపో లెక్క తీయగలవా? రేపు వాళ్లకి జ్వరమొచ్చినా వచ్చేది వీళ్ల దగ్గరికేగా. ముందే తెలిస్తే పాఠం చెప్పే తీరు మార్చుకుందాం," అన్నారు. మనసులోని ఏవగింపుకు కొలత కనిపెట్టమనడం నాకు పండగలా తోచింది. ఇరవై వాక్యాలు రాశాను. ఒక్కోదాని ఎదుట అయిదు గడులు: 'పూర్తిగా ఒప్పుకుంటాను' మొదలు 'అసలు ఒప్పుకోను' దాకా. అందులో పద్నాలుగోది ఇది: 'స్వలింగ సంపర్కుడైన సహాధ్యాయితో ఒకే గదిలో ఉండడానికి నాకు అభ్యంతరం లేదు.' అర్థంకాని మాటలుంటే అడుగుతారని రెండు రోజుల ముందే ఒక ప్రతిని నోటీసు బోర్డుకు అంటించాను. 'పేరు రాయవద్దు' అని పైన పెద్ద అక్షరాలతో వేసి, గురువారం అందరినీ పరీక్ష హాల్లో, నంబర్లు వేసిన బెంచీల మీద, ఇద్దరు ఇన్విజిలేటర్ల కాపలాలో, గంట కొట్టి మరీ రాయించాను. (ఇందులోని వింత అప్పట్లో నాకు తట్టలేదు.)

ఆ మధ్యాహ్నం నుంచి మూడో సంవత్సరం విద్యార్థి ఒకడు మా గది చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఊరి పేరుతో అతన్ని అందరూ 'పామర్రు' అనేవారు.

"సార్, పద్నాలుగోదానికి ఏమొచ్చిందండి?"

"ఇరవై ఉంటే నీకు పద్నాలుగే కావాల్సి వచ్చిందేమయ్యా?"

"ఊరికేనండి."

శుక్రవారం రెండుసార్లు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోడు, వెళ్లమంటే వెళ్లడు. గుమ్మంలో నిలబడి పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంటాడు. శనివారం మూడున్నరకు లెక్క తేలింది. ఏ కాగితం తిరగేసినా ఒకే జవాబు, ఒకే గడి, ఒక్కరికీ ఏ అభ్యంతరమూ లేదు! ఒకే జ్వరాన్ని రెండు థర్మామీటర్లు ఒకేలా చూపించవని క్లాసులో చెప్పే నేను, ఇంతమంది మనసులు ఒక్క గడిలో ఎలా ఇమిడాయని అనుమానించవలసింది. కానీ అంత శుభ్రమైన అంకెను జీవితంలో మొదటిసారి చూసిన ఆనందంలో పామర్రును నేనే కేకేశాను.

"నీ పద్నాలుగు తేలిందయ్యా. ఒక్కడు కూడా కాదనలేదు."

"హాస్టల్లో మా గదిలో వాళ్లు కూడానా అండి?"

"అందరూ అంటే వాళ్లు లేరూ?"

అతను పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "అయితే ఇవాళ వాళ్లకి చెప్పేస్తానండి."

"ఏం చెప్తావు?"

"పద్నాలుగో ప్రశ్న నేనేనండి."

అప్పుడు గదిలో కీచుమని ఒక శబ్దం వచ్చింది. అది నా కుర్చీ. నా ప్రమేయం లేకుండానే వెనక్కి జరిగింది. అతను నేల వైపు చూశాడు, చిన్నగా నవ్వి "వస్తానండి" అని వెళ్లిపోయాడు. ఎర్రగచ్చు మీద కుర్చీ కాళ్ల గీతలు కొత్తగా, తెల్లగా కనిపిస్తున్నాయి. అలవాటు కొద్దీ స్కేలు పెట్టాను. ఎనిమిది అంగుళాలు. నేల నున్నగా ఉండి జారిందని నాకు నేను చెప్పుకున్నాను.

ఆ సాయంత్రమే నివేదికకు ప్రతులు తీయించడానికి గవర్నర్‌పేటలో మేమంతా వెళ్లే జిరాక్సు దుకాణానికి పోయాను. పై కాగితం చూడగానే దుకాణదారుడి ముఖం వికసించింది. "ఇదా మాస్టారూ! దీని జవాబుల కీ కూడా ఇక్కడే తీయించారు మీ పిల్లలు. ఇంటర్నల్ మార్కులు కలుపుతారంటగా? మీక్కూడా ఓ కాపీ ఇమ్మంటారా?" అన్నాడు. ఇచ్చాడు కూడా. ఇరవై జవాబులూ వరసగా, అందమైన దస్తూరితో. ఆ దస్తూరి నాకు తెలుసు. క్లాసులో ఎప్పుడూ మొదటి మార్కు తెచ్చుకునే కుర్రాడిది. అతని మారుపేరు 'గైడు'. ఉండేది పామర్రు గదిలోనే.

నివేదిక అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. అయిదూ నలభై. ఏలూరు రోడ్డు మీద అడుగడుక్కీ సిటీ బస్సు అడ్డం. "కాస్త తొందరగా పోనీ బాబూ," అని నాలుగోసారి అనేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి, "ఆస్పత్రి కేసాండీ?" అన్నాడు. "కాదయ్యా, లెక్క తప్పింది," అన్నాను. అతను నన్నొక రకంగా చూసి మరింత నెమ్మదిగా నడిపాడు. నా అంకెను నమ్మి ఒక మనిషి నోరు తెరవబోతున్నాడన్న సంగతి అతనికెలా చెప్పను?

హాస్టలు మెట్లు రెండేసి చొప్పున ఎక్కేసరికి ఆరూ పదిహేను. గదిలోంచి అరుపులు!

"ఫ్యాను కింద నేనురా! ముందు చూసింది నేను!"

"చూస్తే నీదైపోద్దా? ఏడాదిబట్టి ఆ మూల ఉడికిపోతున్నా!"

పామర్రు చెప్పేశాడు. గైడు పరుపు చుట్టుకుని పక్క గదికి పోయాడు. మిగిలిన ఇద్దరూ ఖాళీ అయిన మంచం కోసం కలబడుతున్నారు. పామర్రు తన మంచం మీద, ఎర్రబడిన కళ్లతో, వాళ్ల తగాదా చూస్తూ కూర్చున్నాడు.

"నేను చెప్పిన లెక్క తప్పయ్యా," అన్నాను ఎగశ్వాసతో. "అంతా కీ చూసి రాశారు."

"తెలుసండి. ఆ కీ ఈ గదిలోనే తయారైంది. నేనూ చూసే రాశాను."

"తెలిసి నన్నెందుకు అడిగావు?"

"పెద్దవాళ్లెవరైనా 'ఫర్లేదురా' అంటే వినాలనిపించిందండి. మీరు అంకెల్లో చెప్పారు, ఇంకొంచెం ధైర్యమొచ్చింది." పెన్ను మూత తీసి పెట్టి, "అయినా కీ లేకుండా జవాబు చెప్పింది మీరొక్కరే సార్. మీ కుర్చీ," అన్నాడు. దెప్పినట్టు అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

సోమవారం ప్రొఫెసర్ గారికి ఒక్క పేజీ ఇచ్చాను: కొలత విఫలం, నమ్మదగినది ఒక్కటే, ఆ మాట వినగానే ఒక కుర్చీ వెనక్కి జరిగిన ఎనిమిది అంగుళాలు. "ఎవరిదయ్యా ఇది?" అన్నారు. "నాదేనండి." ఆయన ఆ పేజీని ఫైల్లో పెట్టి, "ఒక్కడే అయితే శాంపిల్ చాలదు. కానీ మొదలుపెట్టడానికి సరిపోతుంది," అన్నారు.

ఇప్పుడు పామర్రు పామర్రులోనే డాక్టరు. రక్తపోటు చూపించుకోవడానికి నేను అక్కడిదాకా వెళ్తాను (విజయవాడలో డాక్టర్లు లేక కాదు). మొన్న మంగళవారం కూడా వెళ్లి, రోగుల కుర్చీని బల్ల వైపు లాక్కున్నాను.

"ఇంక చాలండి సార్," అన్నాడు పట్టీ చుడుతూ. "ఇంకా జరిగితే నా కుర్చీలోకే వచ్చేస్తారు."

పైఅంకె, కిందిఅంకె చెప్పాడు. డైరీలో రాసుకున్నాను. కుర్చీ ఎంత జరిగిందో మాత్రం కొలవలేదు. స్కేలు జేబులోనే ఉంది.