తొమ్మిదో ఛానెల్ దగ్గర ఆగిన మాస్టారు

మా మాస్టారు పోయారన్న సంగతి నాకు ఫోనులో తెలిసింది. ఫోను చేసింది నేనే. నరసన్నపేటలోని నా మైక్‌సెట్ షాపులో బల్ల మీద, మైకులన్నిటి శబ్దాన్నీ కలిపే పాత మిక్సర్ విప్పి ఉంది. తొమ్మిదో ఛానెల్లో కండెన్సర్ ప్లస్ ఏ వైపుకి రావాలో తెలియక, అలవాటుగా ఆయన నంబరు నొక్కాను. ఆయన భార్య ఎత్తారు.

"మీ మాస్టారు పొద్దున్నే పోనారు బాబూ. గుండె ఆగిపోనాది."

నేను ఏమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "అమ్మా, కండెన్సరు ప్లస్సు ఎటేపు పెట్టాలో ఏటైనా సెప్పేరా?" అని అడిగాను. నాకు తెల్దు బాబూ అని ఫోను పెట్టేశారావిడ.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు. ముందురోజు సాయంత్రం ఇదే బల్ల దగ్గర కూర్చుని నాతో పకోడీలు తిన్న మనిషి. రేపు తొమ్మిదోది అవగొట్టేద్దామని చెప్పి టెక్కలి బస్సెక్కారు.

ఆయన నౌపడలో రేడియో రిపేరు షాపు నడిపారు. సీసం కరిగించి అతికే సోల్డరింగ్ పని నాకు నేర్పింది ఆయనే. అక్కడి ఉప్పుగాలికి స్విచ్చులన్నీ ఆకుపచ్చగా చిలుం పట్టేసేవట. అందుకే ఏ పాత పెట్టె కనిపించినా ముందు దాని స్విచ్చుల మీద జాలిపడేవారు.

ఈ మిక్సర్‌ని విజయనగరంలో మూతపడిన ఒక పాటల స్టూడియో నుంచి తెచ్చాను. పదహారు ఛానెళ్ళది, మైకుకి ఒకటి చొప్పున. కొత్తలోనే అది చవక రకం. ఇప్పుడు ఏ నాబ్ తిప్పినా గరగర. తోటి మైక్‌సెట్ వాళ్ళు నవ్వారు, డిజిటల్‌ది కొనుక్కోరాదా అన్నారు. మాస్టారు మూత విప్పి చాలాసేపు చూశారు. "సవకగా సేసినాడు గానీ బుద్ధిగానే సేసినాడ్రా. ఇది బతుకుతాది" అన్నారు.

అప్పట్నుంచీ వీలున్నప్పుడల్లా వచ్చేవారు. ఎండిపోయిన కండెన్సర్లు తీసి కొత్తవి వేశారు. ఐసీ చిప్పులు మార్చి మంచి రకం పెట్టారు. అవి లోపలి బోర్డుకి నేరుగా అతికిస్తే సరిపోయేది, కానీ రేపు ఊడదీసి మార్చుకునేలా ఒక్కోదాని కింద సాకెట్ పెట్టేదాకా ఊరుకోలేదు. ఎందుకింత చాకిరీ అని నేను విసుక్కుంటే, తన తర్వాత విప్పేవాడు తనని తిట్టుకోకూడదనేవారు.

నాలుగు ఛానెళ్ళు అయ్యాక ఒక పద్యనాటకానికి పట్టుకెళ్ళాం. మా వైపు నటులకి, స్టేజీ మీది స్పీకరు బాక్సు 'సుయ్'మంటుంటేనే మైకు పనిచేస్తున్నట్టు లెక్క. బాగుచేశాం కనక ఆ రోజు సుయ్ లేదు, గుయ్ లేదు. కృష్ణుడు రాగం సగంలో ఆపేసి, మైకు పోనాదని మా వైపు చెయ్యి ఊపాడు. జనం ఒకటే నవ్వు. మాస్టారి ముఖం మాడిపోయింది. మర్నాడే కూర్చుని, నటుల బాక్సులోకి మాత్రం కాస్త సుయ్ వెళ్ళేలా చిన్న నాబ్ ఒకటి బిగించారు. నేను నటుల్ని తిట్టబోతే ఆపి, "సెవికి అలవాటైనదాన్ని తీసేసినప్పుడు ముందు సెప్పాల కదరా. తప్పు మనదే" అన్నారు.

ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు కోపం వస్తోంది. ఆయన మాకేమైనా ముందు చెప్పారా?

ఆ బోర్డు మీద ప్లస్ గుర్తులు కొన్నిచోట్ల తప్పుగా అచ్చయ్యాయి. వాటిని నమ్మి పెడితే కండెన్సర్ పేలుతుంది. ఏవి తప్పో ఆయనకే తెలుసు, ఎక్కడా రాసిపెట్టలేదు. ఇక నా వల్ల కాదనుకుని మూత బిగించేశాను. పాత సామాను వాడికి ఇచ్చేద్దామనుకున్నాను.

పదోరోజున నౌపడ వెళ్ళాను. ఆవేళ ఫోనులో అలా అడిగినందుకు క్షమించమన్నాను. ఆవిడ ఏడ్చి ఏడ్చి ఉన్నారు. అయినా ఆ ముఖంలో చిన్న నవ్వు కదిలింది.

"ఆయన్నడిగితే మాత్రం సెప్పీవోరేటి? మీటరెట్టి సూసుకో, నీకు సేతుల్లేవా అనీవోరు. రోజూ ఫోన్లో ఇంటన్నాను కదా." ఎన్ని అయ్యాయని అడిగారు. ఎనిమిదన్నాను. "మిగతాయి నువ్వు సెయ్యి. సగం పని ఒగ్గీసి పోనాడని ఆయన్నెవులూ అనకూడదు."

మర్నాడు పొద్దున్నే మూత విప్పి మీటర్ పెట్టాను. ముల్లు చెప్పింది, గుర్తు తప్పే. కండెన్సర్ తిప్పి పెట్టాను. అతికించాను. కరెంటు ఇచ్చి, ముఖం పక్కకి తిప్పుకుని, పేలుతుందేమోనని నిలబడ్డాను. పేలలేదు. మైకు తీసుకుని హలో అన్నాను. బాక్సులో నా గొంతు శుభ్రంగా వచ్చింది.

స్విచ్ కట్టేసి బోర్డు తిరగేశాను. ఎనిమిది వరసల్లో ఆయన సోల్డరింగ్ చుక్కలు సన్నగా, ఒకే తీరుగా మెరుస్తున్నాయి. తొమ్మిదో వరసలో నావి మసగ్గా, లావుగా, పక్కకి ఒరిగి ఉన్నాయి.