మర్నాటి ఉసల్

శ్రీహరికోట రాకెట్ చూద్దామని వెళ్లి, సూళ్లూరుపేటలో స్నేహితురాలి అత్తగారు మస్తానమ్మ గారింట్లో దిగాను. చేపల పులుసు వండటంలో ఆవిడకు ఊళ్లో తిరుగులేదు. మాది ఆదిలాబాద్. మొలకెత్తిన పెసలతో మా ఇంటి మసాలా కూర ఉసల్ వండి ఆవిడ ముందు పెట్టాను. ఆవిడ చెంచాతో రుచి చూసి, గిన్నె మీద మూత పెట్టేశారు. నా మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున రాకెట్ కోసం వీధంతా డాబాలెక్కింది. మస్తానమ్మ గారు మాత్రం ఆ గిన్నె తీసి ఇంట్లో అందరికీ వడ్డించారు.

"నిన్న నచ్చలేదనుకున్నా," అన్నాను.

"నచ్చినందుకే దాచిపెట్టినామ్మా. మంచి కూర వండిన రోజే తింటారా ఎవరన్నా? మా చేపల పులుసు మాదిరే రాత్రంతా ఊరాల," అన్నారావిడ.

బయట రాకెట్ ఉరుముతూ లేచింది. ఆ ఇంట్లో ఎవరూ కంచం ముందునుంచి లేవలేదు. నేనూ లేవలేదు.