ఓల్డ్ వేరు, యాంటిక్ వేరు

మా బాబాయి మంగళగిరిలో చేనేత చీరల కొట్టు నడిపేవాడు. ఆయన్ని తలుచుకోగానే నాకు పైకి లేచిన చూపుడు వేలు కనిపిస్తుంది. ఎవరైనా చీర చీప్‌గా ఉందంటే చాలు, ఆ వేలు లేచేది.

“చీప్ వేరు, రీజనబుల్ వేరండీ. చీప్ అంటే చీరని తిట్టినట్టు!”

ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి పెళ్లివారు వచ్చారు. బేరాల్లేని రోజులవి. మగ్గాలు ఆపాల్సి వస్తుందేమోనని బాబాయి బెంగపడుతున్నాడు. వాళ్లేమో ఇంటిల్లిపాదికీ చీరలు తీస్తామన్నారు. పెళ్లికూతురి నాయనమ్మ ఆవపువ్వు రంగు చీర భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుని మొహం ముడుచుకుంది.

“ఇందులో మరీ ఓల్డ్‌గా కనపడుతున్నానర్రా.”

బాబాయి వేలు లేచింది. “ఓల్డ్ వేరు, యాంటిక్ వేరండీ. ఓల్డ్ అంటే అటక మీద పడేసేది. యాంటిక్ అంటే అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసుకునేది. మీరు యాంటిక్ అండీ!”

పెళ్లికూతురి తండ్రి చేతిలోని చీరలు కింద పెట్టేశాడు. గల్లాపెట్టె దగ్గర పిన్ని తల పట్టుకుంది.

నాయనమ్మ బాబాయిని ఎగాదిగా చూసింది. “మరి నువ్వేంటయ్యా?”

“నేను సెకండ్ హ్యాండ్ అండీ. ఏళ్ల తరబడి మా ఆవిడ వాడేస్తోంది.”

పెద్దావిడ పగలబడి నవ్వింది. నవ్వలేక కూర్చుండిపోయింది. అప్పుడుగానీ మిగతావాళ్లకి నవ్వే ధైర్యం రాలేదు. కింద పెట్టిన చీరలు మళ్లీ చేతుల్లోకి వచ్చాయి. చివర్లో ప్యాక్ చేద్దామని పిన్ని చేయి చాపితే, ఆవిడ తన చీర ఇవ్వనంది. భుజాన వేసుకునే కారెక్కింది.